మూట మోసినవాడికి పదేళ్లు, మూట పంపినవాడికి?

తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల హోం శాఖలకు, పోలీసు ఉన్నతాధికారులకు, ప్రాసిక్యూషన్ విభాగాల అధిపతులకు బహిరంగ లేఖ



గంజాయి కేసుల్లో న్యాయాన్ని కిలోల్లో తూచే అలవాటు రెండు రాష్ట్రాల్లోనూ స్థిరపడిపోయింది. వాహనం ఆగుతుంది, సంచులు దిగుతాయి, ప్యాకెట్లు బల్ల మీద వరుసగా పేరుస్తారు, ముఖాలకు గుడ్డ కప్పిన ఇద్దరు ముగ్గురిని వెనక నిలబెడతారు, ఫొటో పత్రికలకు వెళ్తుంది. ఇన్ని కిలోలు, ఇందరి అరెస్టు, సరుకు విలువ ఇన్ని లక్షలు అన్న ప్రకటనతో పని ముగిసినట్టే లెక్క. ఆ సరుకు ఎవరి డబ్బుతో కొన్నది, ఎవరి గోదాముకు చేరవలసింది, రెండేళ్లకో ఐదేళ్లకో ఆ కేసు ఏమైంది అన్న ప్రశ్నలకు ప్రకటనలో చోటుండదు. పట్టివేతనే శిక్షగా, బరువునే విజయంగా చూపించే ఈ ధోరణి ఒప్పుకోదగినది కాదు. దీని ఫలితం సరిహద్దు ఊళ్ల మీద నేరుగా పడుతుంది. ఆరంబాక్కం అలాంటి ఊరు.

తిరువళ్లూరు జిల్లా ఉత్తరపు కొసన ఉన్న ఈ ఊరు దాటితే తడ. మధ్యలో రాష్ట్రం మారుతుంది గానీ రోడ్డు మారదు, రైలు మారదు, చాలా ఇళ్లలో మాట్లాడే తెలుగూ మారదు. కోల్‌కతా నుంచి చెన్నైకి వచ్చే 16వ నంబరు జాతీయ రహదారి, గూడూరు నుంచి చెన్నైకి సాగే రైలు మార్గం రెండూ ఇటుగానే పోతాయి. అటు శ్రీసిటీ, ఇటు గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామికవాడలు. పనికోసం రోజూ హద్దు దాటే కూలీలు, చదువుకోసం దాటే పిల్లలు, సరుకు లారీలు, లోకల్ రైళ్లు అన్నీ ఒకే ఇరుకు దారిలో నడుస్తాయి. అందుకే ఈ దారిలోని ఎళావూరు చెక్‌పోస్టు మీ రెండు రాష్ట్రాల పోలీసులకూ కీలకమైంది. అందుకే ఇక్కడి జనానికి సోదా అన్నది బతుకులో భాగమైంది.

సరుకు పుట్టేది ఇక్కడ కాదు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో, ఒకప్పటి విశాఖ ఏజెన్సీలో, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాగా ఉన్న ప్రాంతంలో, అవతల మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాల్లో గంజాయి సాగు దశాబ్దాలుగా ఉంది. చింతపల్లి, జి.కె.వీధి, పెదబయలు, ముంచంగిపుట్టు పేర్లు ఈ కేసుల కాగితాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. చెమట గిరిజన రైతుది, పెట్టుబడి బయటివాడిది. కొండ దిగిన మూట ఒకడి చేతి నుంచి మరొకడి చేతికి మారుతూ రోడ్డు మీదా రైల్లోనూ దక్షిణానికి వస్తుంది. ఈ గొలుసులో పండించినవాడు, మోసినవాడు, పొట్లం కొని పీల్చినవాడు ఎప్పుడూ చేతికి అందుతారు. డబ్బు పెట్టినవాడు, టోకున కొన్నవాడు, లాభం దాచుకున్నవాడు ఈ దారి వెంట రారు. పులికాట్ సరస్సులో పిల్లచేపలు పడే ఒడ్డునే రోజూ వల విసురుతూ, పెద్ద చేప లేదనుకునే జాలరి ఉండడు. మీ గణాంకాలు మాత్రం ఒడ్డున పడ్డ వలనే లెక్కపెడుతున్నాయి.

ఈ ధోరణికి చట్టం నిర్మాణమే కొంత ఊతమిస్తోంది. మాదకద్రవ్యాల నిరోధక చట్టం, వాడుకలో ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది. అంతకు ముందు చాలా రాష్ట్రాల్లో గంజాయి ఎక్సైజు శాఖ లైసెన్సు దుకాణాల్లో అమ్ముడయ్యే వస్తువు. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందానికి అనుగుణంగా దేశం ఈ చట్టం తెచ్చుకుంది. 1989లో శిక్షలు మరింత బిగుసుకున్నాయి. కొన్ని పునరావృత నేరాలకు మరణశిక్ష కూడా అప్పుడే చేరింది. అందరికీ ఒకే కఠిన శిక్ష అన్యాయమని గ్రహించి 2001లో పార్లమెంటు పరిమాణాన్ని బట్టి శిక్షను మూడు మెట్లుగా విభజించింది. ఇప్పుడు గంజాయి కిలో లోపు ఉంటే ఏడాది వరకు జైలు, 10 వేల రూపాయల వరకు జరిమానా. కిలోకు పైన, 20 కిలోల వరకు ఉంటే పదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. కనీసం పదేళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు జైలు, కనీసం లక్ష రూపాయల జరిమానా.

ఈ మెట్ల వెనకున్న ఉద్దేశం మంచిదే. కొద్దిగా వాడేవాడినీ వ్యాపారినీ ఒకే గాటన కట్టకూడదన్నది దాని సారం. అయితే తూకం మనిషి పాత్రను చెప్పదు. 22 కిలోల మూట ఎవరిదో తెలియకుండా, రానుపోను చార్జీలూ కొద్దిపాటి కూలీ తీసుకుని రైలెక్కిన కుర్రాడికీ, అలాంటి మూటలు నెలకు వంద పంపించే మనిషికీ చట్టంలో కనీస శిక్ష ఒకటే, పదేళ్లు. నేరం రుజువైతే న్యాయమూర్తికి అంతకు తగ్గించే వీలు లేదు. ఎవరు యజమాని, ఎవరు కూలీ అన్న తేడా శిక్షలో కనిపించాలంటే అది దర్యాప్తులో తేలాలి. దర్యాప్తు చెక్‌పోస్టు దగ్గరే ఆగిపోతే కూలీయే యజమాని శిక్షను కూడా మోస్తాడు. ఆ బాధ్యత చట్టానిదా, దర్యాప్తు అధికారిదా?

శిక్ష కంటే ముందు రిమాండు ఉంది. మామూలు నేరాల్లో దర్యాప్తు ముగించి చార్జిషీటు వేయడానికి 60 లేదా 90 రోజుల గడువు. దాటితే ముద్దాయికి బెయిలు హక్కు వస్తుంది. వాణిజ్య పరిమాణం కేసుల్లో ఆ గడువు 180 రోజులు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోరితే, కోర్టు ఒప్పుకుంటే ఏడాది వరకు పెంచవచ్చు. 37వ సెక్షను ప్రకారం బెయిలివ్వాలంటే ముద్దాయి నిర్దోషి అని నమ్మడానికి తగిన కారణాలున్నాయనీ, బయటికొస్తే మళ్లీ నేరం చేయడనీ న్యాయమూర్తికి తృప్తి కలగాలి. విచారణ మొదలు కాకుండానే నిర్దోషిత్వం చూపించమనడం ఎంత బరువైన షరతో, ఊరు కాని ఊరి జైల్లో, భాష తెలియని కోర్టులో, వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేని మనిషికి అది ఎలా సాధ్యమో ఆలోచించవలసిన పని ప్రాసిక్యూషన్‌కు లేదా?

కోర్టులు ఆలోచించాయి. విచారణ సాగక ఏళ్ల తరబడి జైళ్లలో ఉన్న ఎన్‌డీపీఎస్ ముద్దాయిల విడుదలకు సుప్రీంకోర్టు 1994లోనే మార్గం చూపింది. కనీస శిక్ష పదేళ్లయితే అందులో సగం, అంటే ఐదేళ్లు, గడిపినవారికి షరతులతో బెయిలు ఇమ్మంది. 2013 జనవరిలో అదే కోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో ముద్దాయి విచారణ ముగియకుండానే 12 ఏళ్లకు పైగా లోపల ఉన్నాడు. ఆ సందర్భంగా వాయిదాలు, ప్రత్యేక కోర్టులు, ప్రయోగశాలల గురించి వివరంగా ఆదేశాలిచ్చింది. 2023 మార్చి 28న, గంజాయి కుట్ర కేసులోనే ఏడేళ్లకు పైగా విచారణ ఖైదీగా ఉన్న యువకుడికి బెయిలిస్తూ, విచారణ అంతులేకుండా సాగితే 37వ సెక్షను అడ్డు కాదని తేల్చింది. జైలు పేదవాడి జీవనోపాధిని పోగొట్టి, కుటుంబాన్ని చెదరగొడుతుందని కూడా ఆ తీర్పు గుర్తు చేసింది. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022 చివర దేశ జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలు. నూటికి సుమారు 76 మంది. శిక్ష పడకముందే శిక్ష అనుభవిస్తున్న ఈ జనంలో మీ సరిహద్దు కేసుల వాటా ఎంత? ఆ అంకె పత్రికా ప్రకటనలో ఎప్పుడైనా కిలోల పక్కన కనిపించిందా?

శిక్ష కఠినమైతే రుజువు మరింత గట్టిగా ఉండాలి. ఈ చట్టంలో సరుకు చేతిలో దొరికితే నేరం చేసినట్టే ఊహించే వెసులుబాటు ప్రాసిక్యూషన్‌కు ఉంది. తెలియకుండా మోశానని నిరూపించుకునే భారం ముద్దాయి మీద పడుతుంది. ఈ అసమానతకు బదులుగానే చట్టం సోదాకు, పంచనామాకు, నమూనాలకు ఖచ్చితమైన పద్ధతి పెట్టింది. ఒంటిని తనిఖీ చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా కోరుకునే హక్కుందని ముద్దాయికి చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. పట్టుకున్న సరుకు జాబితాను, నమూనాలను మేజిస్ట్రేటు ముందు ధ్రువీకరించుకోవాలని 2016లో ఆదేశించింది. ఈ చట్టం కింద అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదని 2020 అక్టోబరు 29న తేల్చింది. ఆ చివరి తీర్పు తమిళనాడు నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది.

మరి పద్ధతి పాటించకపోతే ఏమవుతుంది? 2023 జులైలో చెన్నై ప్రత్యేక కోర్టు ఇద్దరిని విడిచిపెట్టింది. మెరీనా పోలీసులు వారి దగ్గర 22 కిలోల గంజాయి పట్టుకున్నామని కేసు పెట్టారు. కోర్టుకు ఆ సరుకంతా రాలేదు, మిగిలింది ఎలుకలు తిన్నాయన్నది జవాబు. దీన్ని చదివి నవ్వుకోవచ్చు. కానీ ఇందులో రెండే అవకాశాలున్నాయి. వారు నేరస్థులైతే పట్టుకున్న సరుకు దాచే మాల్‌ఖానా నిర్లక్ష్యం వారిని వదిలేసింది. నిర్దోషులైతే, చివరికి నిలవని కేసు వారి జీవితంలో రెండేళ్లకు పైగా మింగింది. ఏ వైపు నుంచి చూసినా ఓడిపోయింది ప్రజలే. పట్టివేత రోజున ఫొటో దిగిన అధికారి పేరు జనానికి తెలుస్తుంది. కేసు కొట్టేసిన రోజున జవాబుదారు ఎవరు?

సరిహద్దులో పద్ధతికి మరో ముఖం భాష. ఆరంబాక్కం పరిధిలో దొరికే మనిషి తెలుగువాడు కావచ్చు, ఒడియా మాట్లాడేవాడు కావచ్చు, కువి తప్ప మరొకటి సరిగా రాని గిరిజనుడూ కావచ్చు. పంచనామా తమిళంలో ఉంటుంది. హద్దుకు అవతల తడలో తమిళ డ్రైవరు దొరికితే కాగితం తెలుగులో ఉంటుంది. అరెస్టుకు కారణాలు ముద్దాయికి అర్థమయ్యే భాషలో తెలియజేయాలని, లేకపోతే అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో చెప్పింది. రాజ్యాంగం 22వ అధికరణంలో ఉన్న మాటనే అది విడమరిచింది. హద్దుకు ఇటూ అటూ ఉన్న స్టేషన్లలో రెండు భాషల్లో అరెస్టు పత్రాలు ఉంచడానికి కొత్త చట్టం కావాలా? రెండు భాషలూ వచ్చిన మనుషులు ఈ ప్రాంతంలో కొరతా? 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయమంటోంది. ప్రతి చెక్‌పోస్టు కేసులో ఆ వీడియో మేజిస్ట్రేటుకు చేరుతోందని ప్రజలకు మీరు హామీ ఇవ్వగలరా?

ఇక పైకి, డబ్బు దగ్గరికి వెళ్లవలసిన దారి. ఎన్‌డీపీఎస్ చట్టంలో అది లేదనడానికి లేదు. 29వ సెక్షను కుట్రదారుకు అసలు నేరస్థుడితో సమానమైన శిక్ష విధిస్తుంది. 27ఎ సెక్షను అక్రమ రవాణాకు పెట్టుబడి పెట్టేవారికి, నేరస్థులకు ఆశ్రయమిచ్చేవారికి పది నుంచి 20 ఏళ్ల జైలు అంటుంది. 1989లో చేరిన 5ఎ అధ్యాయం ఈ వ్యాపారంతో కూడబెట్టిన ఆస్తిని, అది బంధువుల పేరున ఉన్నా, జప్తు చేయనిస్తుంది. ఆస్తి న్యాయంగా వచ్చిందని చూపించుకునే భారం యజమానిదే. చిన్నవాడికి బిగించిన ఉచ్చులే పెద్దవాడికీ ఉన్నాయి.

అయితే ఆ ఉచ్చును ఎంత శ్రద్ధగా వాడారో చెప్పే సంగతి ఒకటుంది. 2014 సవరణలో అక్రమ రవాణా నిర్వచనం ఉన్న ఉపనిబంధన సంఖ్య మారింది. పెట్టుబడిదారులను శిక్షించే 27ఎ సెక్షనులో పాత సంఖ్యే మిగిలిపోయింది. అంటే 2014 మే నుంచి ఆ సెక్షను అక్షరాలా చూస్తే ఏ నేరాన్నీ పట్టుకోని స్థితిలో ఉండిపోయింది. 2021లో త్రిపుర హైకోర్టు ఎత్తిచూపాక గానీ సవరణ రాలేదు. ఆ ఏడాది సెప్టెంబరు చివర ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చి, 2014 నుంచే వర్తించేలా తప్పును సరిదిద్దాయి. మాదకద్రవ్యాల మీద యుద్ధంలో ఆర్థిక మూలాలను ఛేదించే ముఖ్యమైన ఆయుధం ఏడేళ్లు తప్పుడు సంఖ్యతో ఉన్నా దేశంలో ప్రాసిక్యూషన్ యంత్రాంగానికి అది అడ్డుగా తోచలేదు. రోజూ వాడే కత్తికి పదును లేకపోతే ఏడేళ్లు తెలియకుండా ఉంటుందా? పైగా వాడినప్పుడు కూడా గురి తప్పిన సందర్భాలున్నాయి. సరుకుకు డబ్బు చెల్లించడమొక్కటే పెట్టుబడి పెట్టడం కాదని 2020 అక్టోబరులో బొంబాయి హైకోర్టు చెప్పవలసి వచ్చింది.

తలచుకుంటే చేయవచ్చని మీ రాష్ట్రాలే చూపించాయి. 2021 డిసెంబరులో తమిళనాడు పోలీసులు ‘గంజా వేట్టై’ పేరుతో విడతలవారీ దాడులు మొదలుపెట్టాక, 2022లో దక్షిణ మండలంలో గంజాయి వ్యాపారుల, వారి బంధువుల బ్యాంకు ఖాతాలను స్తంభింపజేశారు. ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ‘ఈగిల్’ పేరుతో ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసి, 1972 హెల్ప్‌లైన్ నంబరు ఇచ్చింది. ఇవి మెచ్చుకోదగిన అడుగులు. అయితే తడలో దొరికిన మూట కొనుగోలుదారు చెన్నైలో ఉంటాడు. ఆరంబాక్కంలో దొరికిన మూట పంపినవాడు నర్సీపట్నంలోనో ఒడిశాలోనో ఉంటాడు. ఒక రాష్ట్రం కేసు హద్దు దగ్గర ఆగితే రెండో రాష్ట్రం దాన్ని అందుకోవాలి. ఒకే మూటకు రెండు కొసలున్నప్పుడు ఉమ్మడి దర్యాప్తు బృందం శాశ్వతంగా ఎందుకు ఉండకూడదు?

కొండ మీద సంగతి కూడా ఇంతే. 2021 అక్టోబరు చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ మొదలుపెట్టి వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయిని ఒకేసారి తగలబెట్టారు. అంత పెద్ద మంట కూడా ఎళావూరు దగ్గర పట్టివేతలను ఆపలేదు. సాగు హద్దు దాటి ఒడిశా లోపలికి జరిగితే దారి అదే, వ్యాపారి అతడే. గిరిజన రైతు గంజాయి వదిలి కాఫీకో మిరియానికో మారాలంటే మొక్క కాపుకొచ్చేదాకా మూడు నాలుగేళ్లు ఇల్లు గడవాలి, తర్వాత పంటకు ధర పలకాలి. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థకు, పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు (ఐటీడీఏ) అరకు కాఫీని ప్రపంచానికి చూపించిన అనుభవముంది. నరికిన ప్రతి ఎకరానికి బదులు ఏ పంట వచ్చిందో, ఆ రైతు ఇప్పుడు ఎలా ఉన్నాడో చెప్పే లెక్క హోం శాఖ దగ్గర ఉండకూడదా?

గొలుసులో చివరి మనిషి వాడకందారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదలైన సర్వే ప్రకారం దేశంలో సుమారు 3.1 కోట్ల మంది ఏడాది కాలంలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడారు. ఇందరినీ జైల్లో పెట్టడం ఏ రాష్ట్రానికీ సాధ్యం కాదు, ఎన్‌డీపీఎస్ చట్టం అడిగిందీ అది కాదు. వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వస్తే 64ఎ సెక్షను ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిస్తుంది. 39వ సెక్షను శిక్షకు బదులు చికిత్సకు పంపే అధికారం కోర్టుకిస్తుంది. సిప్‌కాట్‌లో పన్నెండు గంటలు నిలబడి పనిచేసే వలస కూలీ, గుమ్మిడిపూండిలో కాలేజీకి వెళ్లే కుర్రాడు గంజాయి మానాలనుకుంటే ఎక్కడికి పోవాలో అతడికి చెప్పేవారెవరు? పట్టుకోవడానికి చెక్‌పోస్టు ఉన్నంత దగ్గరలో చికిత్సకు ఆసుపత్రి ఉండవద్దా? పిల్లలను వాడి మత్తుమందు మోయించేవారికి బాల న్యాయ చట్టం 78వ సెక్షను ఏడేళ్ల వరకు కఠిన శిక్ష విధిస్తుంది. సంచిలో సరుకుతో దొరికిన బాలుడు నేరస్థుడిగా కాక ఆ నేరానికి బాధితుడిగా ఎన్ని కేసుల్లో నమోదయ్యాడు?

ఈ మాటలకు ఎదురు వాదన తెలిసిందే. గంజాయికి బానిసైన కొడుకు చేతిలో దెబ్బలు తిన్న తల్లి దగ్గరికి వెళ్లి మోసినవాడి హక్కుల గురించి చెప్పగలరా అని అడుగుతారు. ఆ తల్లి గోడు నిజం. కానీ ఆమె కోరేది కొడుకు ఈ ఊబిలోంచి బయటపడాలని, వీధి చివర పొట్లం దొరకకూడదని. మూట మోసిన ఒక్కడు జైలుకు వెళ్లిన మర్నాడు రెండో వాడు రైలెక్కితే ఆమెకు దక్కిందేమిటి? పనికి మనుషులు దొరికినన్నాళ్లు మోసేవాడి స్థానం ఖాళీగా ఉండదు. వ్యాపారి పెట్టుబడి పోయినప్పుడే వ్యాపారం దెబ్బతింటుంది. కఠినమైన శిక్ష వద్దనడం లేదు. అది చేరవలసినవాడికి చేరడం లేదన్నదే ఫిర్యాదు.

శిక్ష ఎంత పెద్దదన్నది కాక, తప్పించుకోలేనిదా అన్నదే నేరాన్ని ఆపుతుందని ఇటలీ ఆలోచనాపరుడు చెసారే బెక్కారియా 1764లోనే వాదించాడు. ప్రపంచం రెండు దారులూ చూసింది. సింగపూర్‌లో 500 గ్రాములకు మించిన గంజాయి రవాణాకు మరణశిక్ష ఉంది. 2023 ఏప్రిల్ 26న సుమారు కిలో గంజాయి రవాణాలో పాత్ర ఉందన్న కేసులో తమిళ మూలాలున్న మనిషిని అక్కడ ఉరితీశారు. మరో వైపు పోర్చుగల్ 2001 జులై నుంచి స్వల్ప పరిమాణంలో సొంత వాడకాన్ని క్రిమినల్ నేరాల జాబితా నుంచి తీసేసి, అలాంటివారిని చికిత్సకు మళ్లించే సంఘాల ముందుకు పంపుతోంది. వ్యాపారం అక్కడా నేరమే. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్‌లో గంజాయిని హెరాయిన్ ఉన్న అతి కఠిన జాబితా నుంచి తొలగించే తీర్మానం 27–25 ఓట్లతో నెగ్గింది. అనుకూలంగా ఓటేసిన దేశాల్లో భారత్ ఒకటి. అంతర్జాతీయ వేదిక మీద ఈ వివేకం చూపిన దేశంలో, చెక్‌పోస్టు దగ్గర మాత్రం తూకం కాటా ఒక్కటే మాట్లాడాలా?

చట్టాన్ని మార్చవలసింది పార్లమెంటు. అమలు పూర్తిగా మీ చేతుల్లో ఉంది. కాబట్టి సరిహద్దు ప్రజల తరఫున కోరేవి అమలుకు సంబంధించినవే.

మొదటిది, లెక్క మార్చండి. ఏటా ఎన్ని కిలోలు పట్టారో చెప్పే ప్రకటనతో పాటు ఎన్ని కేసుల్లో చార్జిషీటు పడింది, ఎన్నింటిలో శిక్ష, ఎన్నింటిలో విడుదల, విడుదలకు కారణమేమిటి, ఎన్ని కేసుల్లో 27ఎ, 29 సెక్షన్ల కింద మోసినవాడిని దాటి పైకి వెళ్లారు, ఎంత ఆస్తి జప్తయింది అన్నవి జిల్లాలవారీగా ప్రచురించండి. రెండోది, ఆరంబాక్కం–తడ హద్దు కేసులకు రెండు రాష్ట్రాల ఉమ్మడి దర్యాప్తు బృందాన్ని శాశ్వతంగా పెట్టండి. మూడోది, అరెస్టు కారణాలు, సోదా హక్కుల పత్రాలు తమిళం, తెలుగు, ఒడియాల్లో ప్రతి స్టేషనులోనూ ఉంచండి. కువి లాంటి భాషలకు దుబాసీని పిలవండి. మొదటి రిమాండు రోజునే ఉచిత న్యాయ సహాయం అందేలా చూడండి. కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ 1987 నాటి న్యాయ సేవల చట్టం ఆ హక్కు ఇచ్చింది. నాలుగోది, మాల్‌ఖానాల్లో సరుకు నిల్వ మీద, మేజిస్ట్రేటు ధ్రువీకరణ మీద స్వతంత్ర తనిఖీ జరపండి. ఐదోది, వాణిజ్య పరిమాణం కేసుల్లో విచారణ లేకుండా ఏళ్లు గడిపినవారి జాబితా ప్రాసిక్యూషనే తయారుచేసి, బెయిలును యాంత్రికంగా వ్యతిరేకించడం మానాలి. ఆరోది, మోసినవాడికీ యజమానికీ శిక్షలో తేడా చూపే అధికారం న్యాయమూర్తికి ఉండేలా చట్టాన్ని సవరించమని రెండు రాష్ట్రాలూ కేంద్రానికి రాయాలి.

ఇందులో ఏదీ నేరస్థుడికి దయ చూపమని అడగడం కాదు. చట్టం రాసిన పద్ధతిని చట్టం అమలు చేసేవారే పాటించాలని, శిక్ష నేరంలో ఉన్న పాత్రకు తగినట్టు పడాలని అడగడమే. ఇక మీదట ఎళావూరులో మూట దొరికిన ప్రతిసారీ, అది ఎన్ని కిలోలో చెప్పే ముందు అది ఎవరి డబ్బో చెప్పండి. చెప్పలేకపోతే ఆ కేసు ఇంకా పూర్తి కాలేదని ప్రకటనలోనే ఒప్పుకోండి.